గుడ్డ కప్పిన ఆరు కంప్యూటర్లు

పంజగుట్ట చౌరస్తా వెనక సందులో, మూడంతస్తుల ఇంటిని బడిగా మార్చిన ఒక ప్రైవేటు హైస్కూల్లో నేను జీవశాస్త్రం చెప్పేదాన్ని. పద్నాలుగేళ్లు చెప్పాను. చేత్తో ముట్టుకోని వస్తువు గురించి పాఠం చెప్పకూడదని నాకో పట్టుదల ఉండేది. గుండె పాఠం రోజున పొద్దున్నే మటన్ దుకాణానికి వెళ్లి మేక గుండె తీసుకుని, స్టీలు డబ్బాలో పెట్టుకుని బస్సెక్కేదాన్ని. క్లాసులో దాన్ని కోసి, పిల్లల వేళ్లతోనే కవాటాలు తెరిపించేదాన్ని. కొన్ని ఇళ్ల నుంచి ఫిర్యాదులు వచ్చాయి. నేను మానలేదు.

అలాంటిదాన్ని, ఒక ఏడాది మాత్రం నా జన్మలో ముట్టుకోని వస్తువు గురించి పిల్లలకు పాఠం చెప్పాను. అది చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే. అయినా చెప్తాను.

ఐటీ ఉద్యోగాల జోరు మొదలైన రోజులవి. అమీర్‌పేటలో బస్సు దిగితే కాలు నేల మీద పడకముందే నాలుగు కరపత్రాలు చేతిలో పడేవి. బాల్కనీలు కనిపించకుండా బోర్డులు. పొద్దున ఆరింటికే ఫైళ్లు పట్టుకుని పరుగెత్తే కుర్రాళ్లు, అమ్మాయిలు. ఆ గాలి పక్కనే ఉన్న మా బడికీ తగిలింది. పిల్లల్ని చేర్చడానికి వచ్చిన తల్లిదండ్రులు లెక్కల మేడమ్ ఎవరని అడగడం మానేసి, కంప్యూటర్ ఉందా అని అడగసాగారు. దాంతో మా కరస్పాండెంటు, అంటే బడి యజమాని, గేటుకు కొత్త బోర్డు పెట్టించాడు. మొదటి అంతస్తులో ఒక గదికి ఏసీ బిగించి, గాజు తలుపు పెట్టి, ఆరు కంప్యూటర్లు తెప్పించి వాటి మీద నీలం గుడ్డలు కప్పించాడు. గది బయట ‘చెప్పులు విడువుము’ అని రాయించాడు. తాళం వేసి, తాళంచెవి తన దగ్గరే పెట్టుకున్నాడు.

జూన్‌లో హెడ్మాస్టరు నన్ను పిలిచారు. ఆయన కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. ఆయాను కూడా గారు అని పిలిచే మర్యాదస్తుడు. క్లాసులో నేను ‘గిట్ల’ అంటే మాత్రం ఆయన చెవికి ముల్లు గుచ్చుకున్నట్టుండేది. ఒకసారి మెత్తగా సరిదిద్దబోయారు కూడా. నేను ‘గిట్ల’ అనడం ఇంకా ఎక్కువ చేశాను.

“ఈ ఏడాది నుంచి ఎనిమిదో తరగతికి కంప్యూటర్స్ మీరే తీసుకోవాలండి,” అన్నారు.

“నాకు రాదు సార్. ఎప్పుడూ ముట్టుకోలేదు.”

“పుస్తకంలో అంతా ఉంది కదండీ. చదివి చెప్పేస్తే సరిపోద్ది. పరీక్షలోనూ అదే వస్తుంది.”

“గది తెరిస్తే నేను ముందు చూసుకుంటాను.”

“తాళం కరస్పాండెంటుగారి దగ్గరుంది మేడమ్. ఏదైనా పాడైతే ఎవరు బాధ్యులు చెప్పండి? ముందు కానివ్వండి, చూద్దాం.”

కానిచ్చాను. వారానికి రెండు పీరియడ్లు. పుస్తకంలో ఉన్న బొమ్మ చూసి బోర్డు మీద కీబోర్డు గీసేదాన్ని. పిల్లలు బల్లల మీద సుద్దముక్కతో గడులు గీసుకుని, వాటి మీద వేళ్లు ఆడించేవారు. టకటకమని నోటితోనే చప్పుడు చేసేవారు. బయటి నుంచి చూసిన వాళ్లకు అది ముచ్చటగా ఉండేది. హెడ్మాస్టరు ఒకరోజు కిటికీ దగ్గర నిలబడి చూసి, తల ఊపి వెళ్లిపోయారు.

అర్ధ సంవత్సరం పరీక్షలో ‘కీబోర్డు బొమ్మ గీసి భాగాలు గుర్తించుము’ అని ఇచ్చాను. ముప్ఫై తొమ్మిది మంది నేను గీసినట్టే గీశారు. ఒక పిల్ల మాత్రం ఏ, బీ, సీ, డీ అని వరసగా రాసింది. చక్కగా, స్కేలు పెట్టి, అక్షరాలు ఒక్కటి కూడా పోకుండా. సున్నా వేయబోయి, ఎందుకో ఆగి, మర్నాడు పిలిచాను. బోరబండ నుంచి వచ్చే పిల్ల. తండ్రి సెంట్రింగ్ పని చేస్తాడు.

“ఇదేంటి, నేను బోర్డు మీద ఇట్లా గీసిన్నా?”

“లేదు మేడం. మీరు తప్పు గీసిన్రు. నేను సక్కగ జేసిన.”

క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల నవ్వలేదు. తప్పు చేసినట్టూ లేదు. నాకు సాయం చేశాననే అనుకుంటోంది. పెద్దవాళ్లు అక్షరాలు మర్చిపోతారు, పాపం, తను గుర్తుచేసింది, అంతే.

“కీబోర్డు మీద అక్షరాలు నేను గీసినట్లనే ఉంటయి బిడ్డా.”

“ఎందుకు మేడం? వరసగ ఉంటె ఎతుక్కునుడు అల్కగ ఉంటది గద?”

 గుండెలో నాలుగు గదులే ఎందుకుంటాయని అడిగితే ఒక పీరియడంతా చెప్పగలను. ఇది ఎందుకిలా ఉందంటే ‘పుస్తకంలో అట్లనే ఉంది’ అని తప్ప ఇంకేమీ చెప్పలేను. ఆ మాటే అన్నాను. ఆ పిల్ల “సరే మేడం” అని కూర్చుంది. నేను చెప్పింది నమ్మలేదని నాకు తెలుస్తూనే ఉంది. నేను ఆ పిల్ల అయితే నేనూ నమ్మేదాన్ని కాదు.

ఆ సాయంత్రమే, నా మీద నాకే వచ్చిన కోపంతో, అమీర్‌పేట వెళ్లాను. ఒక కోచింగ్ సెంటర్ మెట్లెక్కితే కౌంటరు దగ్గరి కుర్రాడు నవ్వుతూ రసీదు పుస్తకం తీశాడు.

“ఎవరికి మేడమ్? అబ్బాయికా, అమ్మాయికా?”

“నాకే.”

“ఓహ్. జాబ్ ట్రయల్సా? టీచింగ్ చేస్తున్నా ప్రాబ్లం లేదు మేడమ్. ఎక్స్‌పీరియెన్స్ లెటర్ కూడా మనవాళ్లే చూసుకుంటారు.”

“జాబ్ ఉంది నాకు. నేర్చుకుంట.”

అతను రసీదు మీద నా పేరు రాస్తూ రెండుసార్లు నా మొహం చూశాడు. ఇంట్లోనూ అదే తంతు. మా ఆయన ఖైరతాబాద్‌లో ఒక సర్కారు ఆఫీసులో గుమస్తా. అన్నం తింటూ అడిగాడు.

“నేర్చుకుంటె ప్రమోషన్ ఇస్తరా?”

“ఇయ్యరు.”

“జీతం పెంచుతరా?”

“పెంచరు.”

“మరెందుకే పొద్దుగాల ఆరున్నర బ్యాచ్? పిల్లల టిఫిన్లు ఎవలు జేస్తరు?”

“నువ్వు జెయ్యి,” అన్నాను.

తగువు కావాల్సింది, కాలేదు. మర్నాడు ఆయనే ఉప్మా చేశాడు. ఉండలు కట్టింది. పిల్లలు తిన్నారు.

ఆరున్నర బ్యాచ్ అంటే పెద్ద హాలు. కూర్చున్నవాళ్లు కూర్చోగా గోడ వెంట నిలబడ్డవాళ్లు అంతకంత. పాఠం చెప్పే కుర్రాడికి నా వయసులో సగం ఉంటుందేమో. మైకు నోటికి ఆనించుకుని “రాసుకోండి, రాసుకోండి” అంటూ ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోయేవాడు. అందరూ రాసుకునేవారు. పదో రోజు నేను చెయ్యెత్తాను.

“కీబోర్డు మీద అక్షరాలు వరసగా ఎందుకు లేవండి?”

హాలు హాలంతా పగలబడి నవ్వింది. ఎవరో వెనక నుంచి “ఆంటీ” అన్నారు. ఆ కుర్రాడు కూడా నవ్వి, “అది ఇంటర్వ్యూలో అడగరు మేడమ్. రాసుకోండి” అన్నాడు. నేను కూర్చోలేదు. “నన్ను ఎనిమిదో తరగతి పిల్ల అడిగింది. చెప్పేదాకా నిలబడతాను” అన్నాను. నవ్వు తగ్గింది. అతను తర్వాతి మాట చెప్పడం మొదలుపెట్టాడు. క్లాసయ్యేదాకా నేను నిలబడే ఉన్నాను.

బయటికొచ్చాక మెట్ల దగ్గర అతనే నా వెనక వచ్చాడు. దగ్గర నుంచి చూస్తే కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“సారీ మేడమ్. నిజానికి నాక్కూడా తెలీదండి. రోజుకి అయిదు బ్యాచ్‌లు చెప్తాను. నాకు నేర్పినాయన ఇచ్చిన నోట్సే ఇది. కొత్తది తెలుసుకోడానికి టైమేదండి?”

“టైము వాళ్లివ్వరు తమ్ముడూ. తీసుకోవాలె,” అన్నాను. ఆ మాట అతనికన్నా నాకే చెప్పుకున్నాను.

“రెండు సందుల అవతల ఒక రిపేరు షాపుంది. ఆయన పాతకాలం మనిషి. ఆయన్నడగండి,” అని మళ్లీ లోపలికి పరుగెత్తాడు. తర్వాతి బ్యాచ్ అప్పటికే బెంచీల్లో కూర్చుంది.

ఆ షాపు మెట్ల కింద గది. రెండు బల్లలు, గోడనిండా విప్పిన డబ్బాలు, ఒక మనిషి. యాభై ఏళ్లుంటాయి. తెల్లగడ్డం, ముక్కు చివర కళ్లద్దాలు. నేను అడిగింది విని నవ్వలేదు. కాలితో బల్ల కింద నుంచి ఒక పాత టైపు మిషను బయటికి లాగాడు.

“గిది జూడున్రి టీచరమ్మా. రెండు అక్షరాలు ఒక్కపారి కొట్టున్రి. పక్కపక్కవి.”

కొట్టాను. లోపలి నుంచి రెండు ఇనుప పుల్లలు లేచి, కాగితాన్ని తాకకుండానే ఒకదానికొకటి అడ్డంపడి ఇరుక్కుపోయాయి.

“సమజైందా? జోరుగ కొడితె గిట్లనే ఇరుక్కుంటుండె. గందుకే మాటలల్ల ఎక్కువగ కలిసొచ్చే అక్షరాలను దూరం దూరం పెట్టిన్రంట. మా ఉస్తాద్ గట్లనే చెప్పిండు. కంప్యూటర్ల లోపట పుల్లలు లేవు. గని అప్పటికే అందరి వేళ్లకు గదే అలవాటైపోయింది. ఇగ ఎవ్వలు మార్చలే.”

మర్నాడు ఆ పుల్లలు పట్టుకెళ్లి క్లాసులో చూపించాను. పాడైన మిషను నుంచి ఆయనే ఊడదీసి ఇచ్చాడు. బోరబండ పిల్ల వాటిని రెండు చేతుల్లో పట్టుకుని ఒకదానితో ఒకటి తగిలించి చూసింది. చాలాసేపు చూసింది. ఈసారి “సరే మేడం” అన్నప్పుడు గొంతు వేరేగా ఉంది.

కోచింగ్ మానేశాను. బడి అయ్యాక రోజూ గంట ఆ మెట్ల కింద గదిలో కూర్చునేదాన్ని. ఆయన మొదటిరోజే చేతిలో స్క్రూడ్రైవరు పెట్టాడు. “ముందుగాల కిటికీ ఊచ ముట్టుకోన్రి. ఒంట్ల కరెంటు పోతది. గప్పుడు చెయ్యి పెట్టున్రి” అన్నాడు. ఏది మదర్‌బోర్డు, ఏది హార్డ్ డిస్కు, ఏ తీగ ఎక్కడికి పోతుంది, అన్నీ ఊడదీసి బల్ల మీద పరిచి మళ్లీ బిగించేదాన్ని. జ్ఞాపకశక్తి అని పుస్తకంలో నిర్వచనం చెప్పిన ర్యామ్, చూస్తే నా దువ్వెనంత పచ్చ పలక. కంప్యూటర్ తెరుచుకోకపోతే ఆ పలక అంచును పెన్సిలు రబ్బరుతో తుడిస్తే చాలాసార్లు తెరుచుకుంటుందని ఆయన చూపించినప్పుడు నాకు మేక గుండె మొదటిసారి కోసినంత సంబరమైంది.

ఆయన ముందు మాసబ్ ట్యాంక్ ఆఫీసుల్లో టైపు మిషన్లు బాగుచేసేవాడట. ఆఫీసులు కంప్యూటర్లు కొనేసరికి పని పోయింది. ఎవరి దగ్గరికెళ్లినా ‘ఇప్పుడేం నేర్చుకుంటవ్ చాచా’ అన్నారట. చెడిపోయిన కంప్యూటర్ ఒకటి కొనుక్కుని, విప్పడం, బిగించడం, విప్పడం, అలాగే నేర్చుకున్నాడట.   నా పక్కన బల్ల మీద ఆయనకు మా ఇంటి సద్ది పెట్టినప్పుడల్లా “జర కారం తక్కువెయ్యున్రి” అనేవాడు, అంతే.

జనవరి చివర్లో అడ్మిషన్ల కోసం బడిలో తల్లిదండ్రుల్ని పిలిచారు. ఆ ఉదయం హెడ్మాస్టరు నాకు తాళంచెవి ఇచ్చారు. ఏడాదిలో మొదటిసారి.

“గది తుడిపించండి మేడమ్. గుడ్డలు సగం తీసి ఉంచండి. పేరెంట్స్ వస్తే మీరు తలుపు దగ్గర నిలబడితే చాలు. ఏదీ ఆన్ చెయ్యొద్దు. పదింటికి వస్తారు.”

తొమ్మిదిన్నరకు తలుపు తీశాను. చెప్పులు విడిచాను. మొదటి బల్ల గోడకు ఆనుకుని ఉందని కంప్యూటర్ పెట్టెను పక్కకు జరపబోయాను. అది ఖాళీ అట్టపెట్టెలా చేతిలోకి లేచి వచ్చింది. రెండు నెలలుగా ఆ బరువు మోసిన చేతులు నావి. సంచిలో స్క్రూడ్రైవరు ఉంది. కిటికీ ఊచ ముట్టుకోవాల్సిన అవసరం కూడా లేకపోయింది. పెట్టె పక్క పలక తీస్తే లోపల ఏమీ లేదు. వేలాడే రెండు తీగలు, దుమ్ము.

రెండోదీ అంతే. నాలుగోదీ, అయిదోదీ అంతే. మూడోదానిలో, ఆరోదానిలో సామాను ఉంది.

నాకు ముందు గుర్తుకొచ్చింది బల్లల మీద సుద్దముక్కతో గీసుకున్న గడులు. నోటితో టకటకమన్న చప్పుడు. తర్వాత మొహం వేడెక్కింది. నేను ఏడాదంతా ఈ ఖాళీ పెట్టెలకు కాపలా కాశాను, చేతిలో పుస్తకం పట్టుకుని.

హెడ్మాస్టరు గుమ్మంలో నిలబడి ఉన్నారు. నేల మీద విప్పిన పెట్టెలు చూశారు.

“మీకు తెలుసా సార్?”

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. “మేడమ్, దయచేసి గుడ్డలు కప్పేయండి. పదిహేను నిమిషాల్లో వచ్చేస్తారు.”

“మీకు తెలుసు.”

“నాకు ఇద్దరు ఆడపిల్లలు మేడమ్. రెండేళ్లలో రిటైరవుతాను. నా చేత ఇంకేం అనిపించకండి.”

ఆయన మీద జాలి కలిగింది. అయినా గుడ్డలు కప్పలేదు. మూడోదాన్ని ఆన్ చేస్తే తెరుచుకోలేదు. ర్యామ్ తీసి, పిల్లల పెన్సిలు రబ్బరుతో అంచు తుడిచి, మళ్లీ పెట్టాను. బీప్ మని తెర వెలిగింది. ఆరోది మామూలుగానే తెరుచుకుంది. ఖాళీ నాలుగింటినీ పలకలు తీసి ఉన్నవి ఉన్నట్టే బల్లల మీద వరసగా పెట్టాను. హెడ్మాస్టరు వెళ్లిపోలేదు. నన్ను ఆపలేదు కూడా. గోడకు ఆనుకుని నిలబడ్డారు.

పదింటికి తల్లిదండ్రులు చెప్పులు విడిచి లోపలికి వచ్చారు. వాళ్లలో బోరబండ పిల్ల తండ్రి ఉన్నాడు. చొక్కా మీద సిమెంటు మరకలు. నేను మూడో కంప్యూటర్ పలక తీసి, క్లాసులో చెప్పినట్టే చెప్పాను. ఇది మదర్‌బోర్డు, ఇది జ్ఞాపకం దాచుకునేది, ఇది కరెంటు పంచేది. తర్వాత ఖాళీదాని దగ్గరికి నడిచి, “ఇందులో ఇవేవీ లేవు. ఇట్లాంటివి నాలుగున్నాయి. పనిచేసేవి రెండే” అన్నాను.

 సెంట్రింగ్ ఆయన వంగి, ఖాళీ పెట్టెలో చెయ్యి పెట్టి చూశాడు.

“మరి మా బిడ్డ ఇంట్ల చెక్క మీద కొట్టుకుంట కంప్యూటర్ నేర్చుకుంటున్న అంటది. గది గిదేనా మేడం?”

“గదే అన్నా. గిదే,” అన్నాను. “ఇప్పటిదాంక నాకు సుత తెల్వదు. ఇయ్యాల తెలిసింది. అందుకే చెప్తున్న.”

ఆ తర్వాత జరిగింది అందరూ ఊహించేదే. గొడవ గేటు దాకా వెళ్లింది. మధ్యాహ్నానికి నాకు మెమో వచ్చింది. సంస్థ ప్రతిష్ఠకు భంగం కలిగించినందుకు రాతపూర్వకంగా క్షమాపణ చెప్పాలని. కరస్పాండెంటు ఎదురుగా కూర్చోబెట్టి అడిగాడు.

“మీరు వేరే స్కూల్ ఏదైనా చూసుకున్నారా? ఎవరు నేర్పించారు మీకిదంతా?”

“మీ దగ్గర తాళం ఉంది కదా సార్, అందుకని బయట నేర్చుకున్న.”

మెమోకు జవాబు రెండు వాక్యాలు రాశాను. నేను చూసింది చెప్పాను, చెప్పినందుకు క్షమాపణ చెప్పను అని. అచ్చం అంతే. స్టాఫ్ రూమ్‌లో చాలామంది నాతో మాట్లాడటం తగ్గించారు. ఒక్క తెలుగు మేడమ్ నా పక్కన కుర్చీ వేసుకుని ఆ రెండు వాక్యాల్లో అక్షరదోషాలు లేవని చూసి పెట్టింది.

తల్లిదండ్రులు వదల్లేదు. మార్చి లోపల ఖాళీ పెట్టెల్లో సామాను వచ్చింది. గది రోజూ తెరిచారు. కంప్యూటర్ క్లాసు మాత్రం నా దగ్గర నుంచి తీసేసి ఎవరో కొత్త కుర్రాడికి ఇచ్చారు. ఏడాది చివర నన్ను ఉండమనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. నేనే వచ్చేశాను. బోరబండ పిల్ల ఆఖరి రోజు ఆ గాజు తలుపు లోపల ఉంది. బయట నుంచి చేయి ఊపాను. తెర వైపు చూస్తూ ఉంది, నన్ను చూడలేదు. నాకు చాలా బాగా అనిపించింది.

ఎర్రగడ్డ వైపు ఇంకో బడిలో చేరాను. ఆదివారాలు మెట్ల కింద గదికి వెళ్లడం మానలేదు. నాలాంటి టీచర్లు ఇంకో ముగ్గురు తోడయ్యారు. లెక్కల సారొకరు, భౌతికశాస్త్రం మేడమ్ ఒకరు, కోచింగ్ సెంటర్లో మైకు పట్టుకునే ఆ కుర్రాడు సెలవు దొరికినప్పుడు. ఎవరికీ సర్టిఫికెట్ రాలేదు. మాకు నేర్పినాయన దగ్గర ఇవ్వడానికి కాగితమే లేదు.

తర్వాత కొన్నేళ్లకు సైన్సు టీచర్లకు ఒక శిక్షణ పెడితే మాసబ్ ట్యాంక్ దగ్గర ఒక హాలుకు వెళ్లాను. మొదటి గంటలో అందరికీ ఒక ఫారం పంచారు. మీరు ఈ శిక్షణకు ఎందుకు వచ్చారు, ఒకదానికి టిక్ పెట్టుము. పదోన్నతి, జీతం పెంపు, పై అధికారుల ఆదేశం, వృత్తిపై ఆసక్తి. చుట్టూ అందరూ నాలుగోదానికి టిక్ పెడుతున్నారు. నేను పక్కన ఖాళీ జాగాలో ‘కోపం’ అని రాసి ఇచ్చాను.

కాసేపటికి బల్ల దగ్గరి అధికారి పిలిచాడు.

“మేడమ్, ఇదేంటండి? ఉన్నవాటిలో ఏదో ఒకటి పెట్టండి.”

“ఉన్నవాటిల నాది లేదు సార్.”

“అది కాదండి. ఇవన్నీ కంప్యూటర్లో ఎక్కించాలి. నాలుగు ఆప్షన్లే ఉన్నాయి. కోపం అంటే తీసుకోదు.”

“అయిదో గడి పెట్టున్రి. పెట్టొస్తది,” అన్నాను. “మీకు రాకుంటె చెప్పున్రి సార్, నేను నేర్పిస్త.”